ఇంట్లో తయారయ్యే లేజర్ ఎన్‌గ్రేవర్: పొదుపు ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు

అనంతపురంలో కొత్తగా కట్టుకున్న ఇంటి గుమ్మం పక్కన పెట్టే పేరు పలక మొదలుకొని, పెళ్ళికి వచ్చినవారి చేతిలో పెట్టే చిన్న చెక్క కానుక వరకు, లేజర్‌తో కాల్చి రాసిన అక్షరాలు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నాయి. ఆ అక్షరాలను కాల్చే యంత్రం బయటికి ఎంత గంభీరంగా ఉన్నా, విప్పి చూస్తే లోపల ఉండేవి మూడే: కాంతిని పుట్టించే డయోడు, ఆ డయోడును రెండు దిక్కుల్లో నడిపే చట్రం, నడకనూ కాంతి హెచ్చుతగ్గులనూ కలిపి చూసుకునే చిన్న బోర్డు. ఈ మూడింటినీ విడివిడిగా సమకూర్చుకొని ఇంట్లోనే బిగించుకోవడం ఇంజనీరింగ్ విద్యార్థికి, ఎలక్ట్రానిక్స్ మరమ్మతులు తెలిసినవారికి, ఓపిక ఉన్న వడ్రంగికి కూడా సాధ్యమే. అయితే తక్కువ ఖర్చు అనే నియమాన్ని ఏ భాగానికి వర్తింపజేయాలన్నదే అసలు ప్రశ్న. చట్రంలోనూ బోర్డులోనూ ఎంత పొదుపు చేసినా పని నడుస్తుంది. లేజర్ తలలో (డయోడూ దాని కటకమూ ఉండే భాగం), కంటి రక్షణలో, పొగను బయటికి పంపే ఏర్పాటులో చేసిన పొదుపు మాత్రం నష్టంగానే తిరిగి వస్తుంది. మొదటిసారి తయారుచేసేవారు చాలావరకు దీనికి తలకిందులుగా ఖర్చుపెడతారు కాబట్టి, ఏ భాగం ఏం చేస్తుందో లెక్కలతో చూడడం అవసరం.

ముందుగా చెక్క ఎందుకు నల్లబడుతుందో చూడాలి. చెక్కలో ప్రధానంగా ఉండేవి సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే మూడు పదార్థాలు. వేడి పెరిగేకొద్దీ వీటిలో హెమిసెల్యులోజ్ సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర విడిపోవడం మొదలుపెడుతుంది. సెల్యులోజ్ సుమారు 315 నుంచి 400 డిగ్రీల మధ్య వేగంగా విడిపోతుంది. లిగ్నిన్ ఇంకా నిదానంగా, చాలా విస్తృతమైన ఉష్ణోగ్రతల మధ్య బొగ్గుగా మారుతుంది. ఆవిర్లు పొగగా లేచిపోగా మిగిలే బొగ్గే మనకు కనిపించే నల్లని గీత. చెక్క ఉష్ణాన్ని సరిగా ప్రసరింపజేయని పదార్థం కావడమే ఈ పనికి కలిసివచ్చిన సంగతి. కిరణం పడిన చుక్క క్షణంలో వందల డిగ్రీలకు చేరినా, ఆ వేడి పక్కనున్న చెక్కకు పాకేలోపే కిరణం ముందుకు సాగిపోతుంది. అదే కిరణం నిదానంగా కదిలితే వేడి పక్కకు పాకి, గీత చుట్టూ గోధుమరంగు మసక ఏర్పడుతుంది. కాబట్టి నగిషీ స్ఫుటంగా రావాలంటే తక్కువ చోట ఎక్కువ శక్తి, తక్కువ సమయంలో పడాలి. ఇకముందు వచ్చే లెక్కలన్నీ ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

1960లో థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో మొదటి లేజర్‌ను వెలిగించాడు. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను రూపొందించాడు. పెద్ద దుకాణాల్లో అక్రిలిక్, ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును బంకతో అదిమి చేసిన పలక) కోసే యంత్రాల్లో నేటికీ ఆ రకం గొట్టమే ఉంటుంది. దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు. ఇంటి తయారీకి అది అనువైనది కాదు, ఎందుకంటే గాజు గొట్టానికి వేల వోల్టుల విద్యుత్తు కావాలి, చల్లబరచడానికి నీళ్ళు తిరుగుతూ ఉండాలి, కిరణాన్ని మలుపుతిప్పే అద్దాలను వెంట్రుకవాసి తేడా లేకుండా అమర్చాలి. ఇంటి యంత్రానికి దారి తీసింది 1990ల మధ్యకాలంలో జపాన్‌లో షుజి నకమురా రూపొందించిన గాలియం నైట్రైడ్ డయోడు లేజర్. నేడు దొరికే నీలి డయోడ్ల తరంగదైర్ఘ్యం 450 నానోమీటర్ల పరిసరాల్లో ఉంటుంది. చెక్క ఎరుపు కంటే నీలాన్ని బాగా పీల్చుకుంటుంది కాబట్టి, సమానమైన శక్తితో నీలి కిరణమే ఎక్కువ పని చేస్తుంది.

అతి తక్కువ ఖర్చుతో చేయదలచినవారు ఎక్కువగా మొదలుపెట్టేది పాత డీవీడీ డ్రైవుతోనే. కంప్యూటర్ మరమ్మతు దుకాణాల్లో మూలపడి ఉండే ఈ డ్రైవులు రెండు దొరికితే ఒక చిన్న యంత్రానికి కావలసిన కదలిక అంతా చేతికి వచ్చినట్టే. ప్రతి డ్రైవులోనూ లేజర్ తలను ముందుకూ వెనక్కూ నడిపే చిన్న స్టెప్పర్ మోటారు (ఒక్కో అడుగు చొప్పున తిరిగేది), దానికి బిగించిన మరచుట్ల కడ్డీ, నున్నటి దారి కడ్డీలు ఉంటాయి. సాధారణంగా ఈ మోటారు ఒక చుట్టుకు 20 అడుగులు వేస్తుంది, ఒక చుట్టుకు తల 3 మి.మీ. జరుగుతుంది. అంటే ఒక్కో అడుగు 0.15 మి.మీ.; మోటారును నడిపే డ్రైవరు చిప్‌తో ఆ అడుగును ఎనిమిది భాగాలు చేస్తే మిల్లీమీటరుకు 53.3 అడుగులు వస్తాయి. ఒక డ్రైవును పడుకోబెట్టి చెక్కను మోయడానికీ, రెండోదానిని దాని మీదుగా అడ్డంగా నిలిపి లేజర్‌ను నడపడానికీ వాడితే సుమారు 40 మి.మీ. పొడవు, అంతే వెడల్పు గల పని ప్రదేశం దొరుకుతుంది. అంటే తాళంచెవుల బిళ్ళకు, చిన్న పతకానికి సరిపోయే జాగా. డీవీడీ రాసే డ్రైవులోని 650 నానోమీటర్ల ఎర్ర డయోడునే లేజర్‌గా వాడుకోవడమూ సాధ్యమే. ఎల్ఎం317 చిప్‌ను స్థిర విద్యుత్ ప్రవాహం ఇచ్చేలా అమర్చితే, 5 ఓముల నిరోధకంతో 0.25 ఆంపియర్లు దాటకుండా అది కాపాడుతుంది.

ఈ చిన్న యంత్రం నేర్చుకోవడానికి ఎంతో మంచిది, సంపాదనకు మాత్రం పనికిరాదు. కారణం చట్రం కాదు, కాంతి. ఒక చదరపు మిల్లీమీటరు చెక్కపై ఎంత శక్తి పడుతుందో తెలుసుకోవడానికి లేజర్ వాట్లను, సెకనుకు కదిలే మిల్లీమీటర్లతోనూ గీతల మధ్య దూరంతోనూ భాగిస్తే చాలు. 5 వాట్ల నీలి లేజర్ నిమిషానికి 1500 మి.మీ., అంటే సెకనుకు 25 మి.మీ. వేగంతో, 0.1 మి.మీ. ఎడంతో గీతలు గీస్తే చదరపు మిల్లీమీటరుకు 2 జౌళ్ళు పడతాయి. 100 మి.మీ. పొడవు, 100 మి.మీ. వెడల్పు గల బొమ్మకు అలాంటి గీతలు వెయ్యి కావాలి. మొత్తం నడక లక్ష మిల్లీమీటర్లు. పట్టే సమయం 4000 సెకన్లు, అంటే సుమారు 67 నిమిషాలు. డీవీడీ డయోడు ఇచ్చే 0.2 వాట్లతో అదే 2 జౌళ్ళు పడాలంటే వేగం సెకనుకు 1 మి.మీ.కు దిగిపోవాలి. అప్పుడు 40 మి.మీ. చదరపు బిళ్ళకే నాలుగున్నర గంటలు పడుతుంది. పైగా అంత నిదానంగా నడిచే కిరణం కింద వేడి పక్కకు పాకిపోతుంది కాబట్టి, లెక్క ప్రకారం శక్తి సమానమైనా ఫలితం సమానం కాదు. లేత రంగు చెక్కపై అది మరకలాగే మిగులుతుంది. డీవీడీ డ్రైవుల చట్రానికి తేలికపాటి నీలి లేజర్ తలను జోడించడమే ఈ స్థాయిలో వివేకమైన పద్ధతి.

వాట్ల మాట వచ్చింది కాబట్టి, కొనేటప్పుడు జరిగే పొరపాటును కొంచెం విపులంగానే చెప్పుకోవాలి. లేజర్ తలల పెట్టెలపై 15, 20, 40 వంటి అంకెలు పెద్దగా అచ్చువేసి ఉంటాయి. వాటిలో చాలావరకు ఆ తల లోపలికి తీసుకునే విద్యుత్ శక్తిని చెప్పేవే తప్ప, బయటికి ఇచ్చే కాంతి శక్తిని చెప్పేవి కావు. నీలి డయోడు తనకు అందిన విద్యుత్తులో ఇంచుమించు మూడో వంతును మాత్రమే కాంతిగా మారుస్తుంది. మిగిలినది వేడిగా పోతుంది. 20 వాట్ల తల అని అమ్మేది నిజానికి 5 వాట్ల కాంతినే ఇస్తూ ఉండవచ్చు. చెక్కను కాల్చేది కాంతి శక్తి ఒక్కటే కాబట్టి, కొనేముందు అడగవలసింది కాంతి వాట్లు ఎన్ని, నాభి వద్ద (కిరణం అతి సన్నగా కలిసే చోట) చుక్క కొలత ఎంత అన్న రెండు సంగతులనే. రెండోది మొదటిదానికంటే ముఖ్యం. చుక్క వ్యాసం సగమైతే దాని వైశాల్యం నాలుగో వంతు అవుతుంది, అదే శక్తి నాలుగింతలు సాంద్రంగా పడుతుంది. గాజు కటకం ఉన్న 2.5 వాట్ల తల, నాసిరకం కటకం ఉన్న 5 వాట్ల తలకంటే సన్నని, నల్లని గీత గీయగలగడానికి కారణం ఇదే. మొత్తం యంత్రంలో వేల రూపాయలు పెట్టవలసిన ఒకే ఒక్క భాగం ఈ తల. ఆర్డుయినో నకలు బోర్డు, డ్రైవరు చిప్‌లు, బెల్టు, పుల్లీల వంటి మిగతావి విడివిడిగా వందల్లోనే దొరుకుతాయి.

చట్రంలో పొదుపు ఎందుకు చెల్లుతుందంటే, లేజర్ చెక్కను తాకదు. ఉలి పట్టినా, రూటర్ యంత్రం తిప్పినా చెక్క ఎదురుతోస్తుంది; ఆ తోపుడును తట్టుకోవడానికి చట్రం బరువుగా, బిర్రుగా ఉండాలి. కాంతికి ఎదురుతోపు లేదు. కాబట్టి కిటికీలు, పార్టిషన్లు చేసేవారి దగ్గర మిగిలిపోయిన అల్యూమినియం సెక్షన్ ముక్కలు, పాడైపోయిన ప్రింటర్ల నుంచి తీసిన ఉక్కు కడ్డీలు, గట్టి ప్లైవుడ్ ముక్కలు ఈ పనికి చక్కగా సరిపోతాయి. ఒక ముఖం 42 మి.మీ. ఉండే నెమా 17 మోటారు చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. డ్రైవరు ప్రతి అడుగును 16 భాగాలు చేస్తే చుట్టుకు 3200, 2 మి.మీ. పళ్ళ దూరం గల జీటీ2 బెల్టు, 20 పళ్ళ పుల్లీ వాడితే చుట్టుకు 40 మి.మీ. కదలిక. అంటే మిల్లీమీటరుకు సరిగ్గా 80 అడుగులు. లేజర్ చుక్క వెడల్పే 0.1 మి.మీ. ఉన్నప్పుడు, ఇంతకంటే సూక్ష్మమైన కదలిక కోసం ఖర్చుపెట్టడం వృథా.

అయితే చట్రం బరువుగా ఉండనక్కర లేదంటే వదులుగా ఉండవచ్చని కాదు. బల్ల సొరుగులకు బిగించే చానెళ్ళు చవకగా దొరుకుతాయి కదా అని వాటిమీద లేజర్ తలను నడిపితే, వాటిలోని ఆట (వదులు వల్ల అటూ ఇటూ కదలడం) బొమ్మ అంచుల్లో స్పష్టంగా బయటపడుతుంది. తల ఎడమ నుంచి కుడికి వెళ్ళేటప్పుడు ఒక గీత, కుడి నుంచి ఎడమకు వచ్చేటప్పుడు తర్వాతి గీత గీస్తుంది, చట్రంలో 0.2 మి.మీ. ఆట ఉంటే బేసి గీతలు ఒక పక్కకు, సరి గీతలు మరో పక్కకు జరిగి, నిలువు అంచు రంపపు పళ్ళలా తయారవుతుంది. ఒకే దిక్కున వెళ్ళేటప్పుడే కాల్చేలా అమర్చుకుంటే ఈ లోపం కనబడదు, కానీ పట్టే సమయం దాదాపు రెట్టింపవుతుంది. అంతకంటే బెల్టును సరిగా బిగించడం, తలను మోసే గాడి చక్రాలను ఒకవైపు నుంచి నొక్కిపట్టే మరను సరిచేసుకోవడం మేలు. దీనికి డబ్బు కాదు, ఒక సాయంత్రం ఓపిక కావాలి. రెండు కడ్డీలూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయో లేదో గోడలు కట్టే మేస్త్రీలు చూసుకునే 3, 4, 5 కొలతతోనే చూసుకోవచ్చు.

బోర్డు విషయంలో పెద్దగా ఆలోచించవలసింది లేదు. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థుల కోసం మొదలైన ఆర్డుయినో బోర్డు, దానిమీద కూర్చొని మోటారు డ్రైవర్లకు చోటిచ్చే సీఎన్‌సీ షీల్డు, రెండు ఏ4988 డ్రైవర్లు, 12 వోల్టుల విద్యుత్ సరఫరా చాలు. డ్రైవరుపై ఉన్న చిన్న మరను తిప్పి మోటారుకు వెళ్ళే ప్రవాహాన్ని సరిచేయాలి. కొలత నిరోధకం 0.1 ఓము ఉన్న బోర్డుల్లో, మర దగ్గర మల్టీమీటరులో కనిపించే వోల్టు విలువ ఆంపియర్లకు 0.8 రెట్లు ఉంటుంది, 0.75 ఆంపియర్లు కావాలంటే 0.6 వోల్టు. లేజర్ తల తేలిక కాబట్టి మోటారుకు అంతకు మించి అక్కరలేదు, డ్రైవరు కూడా ఎండాకాలంలో చల్లగా ఉంటుంది.

ఈ బోర్డులో నడిచే జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రాము గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పుకోవాలి. నార్వేకు చెందిన సిమెన్ స్వాలే స్కోగ్స్‌రూడ్ 2009లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాము, కేవలం 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి గల చిప్‌లో కూర్చొని, మోటార్ల వేగాన్ని ముందుచూపుతో లెక్కవేసుకుంటూ నడుపుతుంది. దీని 1.1 రూపంలో లేజర్ కోసం ప్రత్యేకంగా ఒక పద్ధతి ఉంది. $32 అనే అమరికకు 1 విలువ ఇస్తే అది పనిచేస్తుంది. దాని అవసరం ఏమిటంటే, తల మూల దగ్గర తిరిగేటప్పుడు వేగం తగ్గాలి, మళ్ళీ పెరగాలి. సెకనుకు 100 మి.మీ. వేగంతో వెళ్ళే తల, సెకనుకు సెకనుకు 500 మి.మీ. త్వరణంతో ఆగాలంటే 10 మి.మీ. దూరం పడుతుంది. ఆ పది మిల్లీమీటర్లలో కాంతి మాత్రం తగ్గకపోతే అక్కడ చెక్క అతిగా కాలి, అక్షరాల మూలలన్నీ నల్లని బొట్లుగా మారతాయి. ఎం3 ఆదేశంతో లేజర్‌ను వెలిగిస్తే జరిగేది ఇదే. ఎం4 ఆదేశంతో వెలిగిస్తే, తల అసలు వేగాన్ని బట్టి కాంతిని కూడా అదే నిష్పత్తిలో తగ్గించి, పెంచి, తల ఆగిపోతే కాంతినీ ఆపేస్తుంది. చట్రం మార్చకుండా, పైసా ఖర్చు లేకుండా నగిషీ నాణ్యతను పెంచే మార్పు ఇంతకు మించి మరొకటి లేదు. గరిష్ఠ కాంతిని సూచించే $30 విలువ, కంప్యూటర్‌లో బొమ్మను ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌లోని విలువ ఒకటిగా ఉండాలన్నది మరచిపోకూడదు. అవి వేరుగా ఉంటే సగం శక్తి అనుకున్నది పూర్తి శక్తిగా పడవచ్చు.

బోర్డు మొదలయ్యే క్షణంలో ఒక ప్రమాదం దాగి ఉంది. లేజర్‌కు సంకేతం పంపే 11వ పిన్ను, బోర్డుకు విద్యుత్తు అందిన వెంటనే కొద్దిసేపు ఎటూ తేలకుండా ఉంటుంది. కొన్ని లేజర్ డ్రైవర్లు ఆ స్థితిని వెలగమన్న ఆదేశంగా తీసుకుంటాయి. ఆ పిన్నుకూ గ్రౌండుకూ మధ్య ఒక 10 కిలో ఓముల నిరోధకాన్ని టంకం పెడితే ఈ ప్రమాదం తప్పుతుంది. నిరోధకం ఖరీదు రూపాయో రెండు రూపాయలో. అది లేక జరిగే నష్టం కన్ను.

కన్ను అన్న మాట అతిశయోక్తి కాదు. అర వాటు దాటిన లేజర్లన్నీ అంతర్జాతీయ భద్రతా ప్రమాణాల్లో నాలుగో తరగతి కిందికి, అంటే అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతిలోకి వస్తాయి. 450 నానోమీటర్ల నీలి కాంతి కంటి ముందు భాగాల గుండా నేరుగా సాగి, కంటి కటకం వల్ల మరింత సాంద్రమై, రెటీనాపై సూది మొనంత చోట పడుతుంది. కళ్ళు ఆర్పడానికి పట్టే సుమారు పావు సెకను ఆ దెబ్బకు చాలా ఎక్కువ సమయం. నేరుగా పడిన కిరణమే కాదు, కొలబద్ద, మర తల, గడియారపు పట్టీ వంటి మెరిసే వస్తువులపై పడి తిరిగివచ్చిన కిరణం కూడా అంతే హానికరం. దగ్గరి నుంచి తదేకంగా చూస్తే చెక్కపై పడి చెదిరిన వెలుగు కూడా సురక్షితం కాదు. పోయిన రెటీనా తిరిగి రాదు.

కాబట్టి కళ్ళజోడు ఎంపికలో రెండు అంకెలు చూడాలి: ఏ తరంగదైర్ఘ్యాల మధ్య రక్షిస్తుంది, దాని దృక్ సాంద్రత ఎంత. సాంద్రత 4 అంటే పదివేలలో ఒక వంతు కాంతిని మాత్రమే వదులుతుంది, 5 అంటే లక్షలో ఒక వంతు. 5 వాట్ల కిరణం 4 సాంద్రత గల జోడు గుండా అర మిల్లీవాటుగా, 5 సాంద్రత గల జోడు గుండా 0.05 మిల్లీవాటుగా బయటపడుతుంది. ఎర్ర లేజర్ కోసం చేసిన జోడు నీలి లేజర్‌ను ఆపదు, చల్లదనానికి పెట్టుకునే నల్ల అద్దాలు దేనినీ ఆపవు. లేజర్ తలతోపాటు ఉచితంగా వచ్చే జోడుపై ఈ రెండు అంకెలూ అచ్చువేసి లేకపోతే దానిని నమ్మకూడదు. ఇంట్లో పిల్లలు, చూడడానికి వచ్చే ఇరుగుపొరుగువారు ఉంటారు కాబట్టి జోడు ఒక్కటీ చాలదు. యంత్రం మొత్తాన్ని ప్లైవుడ్ పెట్టెలో పెట్టి, మూత తీయగానే లేజర్‌కు విద్యుత్తు ఆగిపోయేలా ఒక స్విచ్చు అమర్చాలి. ఆ స్విచ్చు బోర్డుకు సంకేతం పంపేదిగా కాక, లేజర్ విద్యుత్ తీగనే తెంచేదిగా ఉండాలి. పెట్టెకు కిటికీ పెట్టడం కంటే లోపల ఒక చవక కెమెరా పెట్టి, తెరపై చూడడమే మేలు.

ఆ పెట్టెకు వెనక ఒక ఎగ్జాస్టు ఫ్యాను, దాని నుంచి కిటికీ బయటికి ఒక గొట్టం ఉండాలి. చెక్క పొగ ఊపిరితిత్తులకు హానికరం, ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. బంకల నుంచి ఫార్మాల్డిహైడ్ కూడా వెలువడుతుంది. పీవీసీ, రెగ్జిన్ వంటివాటిని ఎంత అడిగినా కాల్చకూడదు, ఎందుకంటే వాటి నుంచి వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరినే కాదు, యంత్రంలోని ఇనుమును కూడా తినేస్తుంది. చేపల తొట్టికి వాడే చిన్న గాలి పంపుతో కిరణం పడే చోట గాలి ఊదితే పొగ కటకంపై పేరుకోదు, గీత శుభ్రంగా వస్తుంది, మంట అంటుకునే అవకాశమూ తగ్గుతుంది. తగ్గుతుందే తప్ప పోదు. యంత్రం నడుస్తున్నంతసేపు మనిషి పక్కనే ఉండాలి.

అనంతపురం వాతావరణం ఈ యంత్రానికి పెట్టే పరీక్షలు వేరు. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది. 5 వాట్ల కాంతి ఇచ్చే డయోడు దాదాపు రెట్టింపు వాట్లను వేడిగా వదులుతుంది. ఆ వేడిని తీసుకుపోయే ఫ్యాను, హీట్‌సింకు ఎంత పెద్దవైనా తలను గది ఉష్ణోగ్రత కంటే చల్లబరచలేవు. డయోడు వేడెక్కేకొద్దీ అదే ప్రవాహానికి ఇచ్చే కాంతి తగ్గుతుంది, దాని ఆయుష్షూ తగ్గుతుంది. డిసెంబరులో చక్కగా నల్లబడిన అమరికలే మే నెల మధ్యాహ్నం వెలవెలబోవడానికి ఇదొక కారణం. ఎండాకాలంలో పెద్ద పనులను తెల్లవారుజామునకో రాత్రికో మార్చుకోవడం, పూర్తి శక్తికి బదులు 80 శాతంతో కొంచెం నిదానంగా నడపడం మంచిది. పొడి గాలికి లేచే ఎర్రదుమ్ము కటకంపైనా, కడ్డీలపైనా చేరుతుంది. కటకంపై పడిన దుమ్ము అక్కడే కాలి మచ్చగా మిగులుతుంది కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని దూదిపుల్లతో తుడుస్తూ ఉండాలి. కడ్డీలకు జిడ్డు నూనె రాస్తే దుమ్ము పట్టి గట్టిపడుతుంది. గంటకు పైగా నడిచే పనిలో కరెంటు పోతే బోర్డు తానెక్కడున్నదో మరచిపోతుంది. పన్నెండు వోల్టుల యంత్రం కాబట్టి చిన్న బ్యాటరీతో ఆ చిక్కు తీరుతుంది. లేకుంటే చెక్కను మూలకు ఆనించి ఉంచే దిమ్మెలైనా బిగించుకోవాలి, అప్పుడు మళ్ళీ అదే సున్నా స్థానం నుంచి మొదలుపెట్టవచ్చు.

ఇక కాల్చవలసిన బొమ్మ విషయం. తెలుగు అక్షరాలు లేజర్‌కు కొంత కష్టమైనవే. ఇంగ్లీషు పెద్దక్షరాలకు లేని వంపులు, గుడులు, వత్తులు వీటికి ఉన్నాయి. గీత వెడల్పు 0.15 మి.మీ., దాని చుట్టూ మసక మరో అంత ఉన్నప్పుడు, 5 మి.మీ. ఎత్తు అక్షరం కింద వచ్చే వత్తు లోపలి ఖాళీ పూడిపోయి నల్లని ముద్దగా మారుతుంది. పేరు పలకల్లో ‘లక్ష్మి’, ‘కృష్ణ’ వంటి పేర్లే ఎక్కువ కాబట్టి ఇది అరుదైన చిక్కు కాదు. అక్షరం ఎత్తు 10 మి.మీ.కు తగ్గకుండా చూడడం, గీత మందం ఒకే తీరుగా ఉండే ఖతిని (ఫాంట్‌ను) ఎంచుకోవడం, లోపల నింపకుండా అంచు గీతను మాత్రమే కాల్చడం ఇందుకు ఉపాయాలు. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు వత్తులతో సహా సరిగ్గానే కూర్చుంటుంది. కానీ అక్షరాలను రేఖలుగా మార్చిన తర్వాతే లేజర్ సాఫ్ట్‌వేర్‌కు పంపాలి. అలా మార్చకుండా పంపితే పలకపై పేరు అసలు రాకపోవచ్చు.

నగిషీల కోసం దూరం వెళ్ళవలసిన పని లేదు. లేపాక్షి వీరభద్ర ఆలయంలోని లతామంటపం స్తంభాలపై చెక్కిన తీగలు, హంసలు, పూల చట్రాలు తరతరాలుగా చీర అంచులకు నమూనాలుగా నిలిచాయి. గీతతో మొదలై గీతతో ముగిసే ఆ అల్లికలు లేజర్‌కు సహజంగా సరిపోతాయి. ఫోటో తీసి యథాతథంగా నలుపు తెలుపుగా మార్చడం కంటే, ఆ ఫోటోను అడుగున పెట్టుకొని ఇంక్‌స్కేప్‌లో చేత్తో గీతలు గీసుకుంటే అదే నమూనా పావు వంతు సమయంలో, పది రెట్లు అందంగా కాలుతుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల చిల్లుల అలంకారం కూడా అటువంటిదే. ధర్మవరం దగ్గరి ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. అయితే బతికున్న కళాకారుల నమూనాను వారిని అడగకుండా, వారికి ఏమీ చెల్లించకుండా పలకలపై కాల్చి అమ్మడం న్యాయం కాదు. తోలుపైనే లేజర్ వాడాలనుకుంటే, క్రోమియంతో పదును చేసిన తోలు పొగ విషపూరితమని గుర్తుంచుకోవాలి.

చెక్కల్లో లేత రంగు ఉండి, ఒకే తీరు నారలు ఉన్నవే మొదటి పనులకు అనువైనవి. టేకులో చేవ భాగం, తెల్లచెక్క వేర్వేరు నలుపులుగా కాలుతాయి కాబట్టి పలక మొత్తం ఒకే భాగం నుంచి వచ్చేలా చూసుకోవాలి. పైన్ చెక్కలో మెత్తని పొర, గట్టి పొర ఒకదాని తర్వాత ఒకటి రావడం వల్ల గీతలో చారలు పడతాయి. పాత ప్యాకింగ్ పెట్టెల చెక్క చవకగా దొరుకుతుంది. దానిపై అంతర్జాతీయ ముద్రలో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువుతో శుద్ధి చేసినది. రెండోదానిని కాల్చకూడదు. కడప వైపు కొండల్లో పెరిగే ఎర్రచందనం ముక్క ఎంత చిన్నదైనా, ఎవరు తెచ్చి ఇచ్చినా, అటవీశాఖ అనుమతి పత్రం లేకుండా ముట్టుకోకూడదు. ఏ చెక్కనైనా చిత్రిక పట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, అనంతపురం పొడి గాలిలో కొన్ని రోజులు ఉంచిన తర్వాతే యంత్రం మీద పెట్టాలి. తడి ఉన్న పలక ఆరేకొద్దీ దోనెలా వంగుతుంది, ఒక మిల్లీమీటరు వంపుకే గీత లావెక్కుతుంది.

నాభి దూరాన్ని కచ్చితంగా పట్టుకోవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. ఒక సన్నని పలకను ఒక అంచు నేల మీద, రెండో అంచు 20 మి.మీ. ఎత్తున ఉండేలా ఏటవాలుగా పెట్టి, దాని పొడవునా లేజర్‌తో ఒకే గీత గీయించాలి. గీత రెండు చివర్లా లావుగా, మధ్యలో ఒకచోట అతి సన్నగా వస్తుంది. ఆ సన్నని చోటుకూ లేజర్ తలకూ మధ్య ఉన్న దూరమే నాభి దూరం. ఆ కొలతకు ఒక చెక్క దిమ్మెను కోసి ఉంచుకుంటే, ప్రతి పనికి ముందు తల కింద దానిని దూర్చి చూసుకోవచ్చు. నీలి డయోడులో కాంతి పుట్టే చోటు గుండ్రంగా కాక పట్టీలా ఉంటుంది కాబట్టి అడ్డగీత, నిలువుగీత ఒకే మందంతో రావు. ఏ దిక్కు గీత సన్నగా వస్తుందో ఇదే పరీక్షను రెండో దిక్కున కూడా చేసి తెలుసుకుంటే, పలకను ఏ వైపు పెట్టాలో తేలుతుంది. తర్వాత అదే చెక్కపై పది వరుసలు, పది నిలువులు గల చిన్న గళ్ళు గీయించి, వరుసకు ఒక వేగం, నిలువుకు ఒక శక్తి చొప్పున కాల్చాలి. వేపకు ఒకటి, టేకుకు ఒకటి, ప్లైవుడ్‌కు ఒకటి, మే నెలలో ఒకసారి, డిసెంబరులో మరొకసారి. తేదీ, గది ఉష్ణోగ్రత వెనకవైపు రాసి, ఆ గళ్ళ పలకలను యంత్రం పక్కన మేకుకు తగిలించి ఉంచితే, కొత్త పలక వచ్చినప్పుడు చేయవలసిందల్లా దాని పక్కన వాటిని పెట్టి, కావలసిన నలుపు ఏ గడిలో ఉందో చూసుకోవడమే.